డాక్టరమ్మ వంతు విస్తళ్లు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజుల్లో ఒకనాడు రుద్రంగి దగ్గర రోడ్డు మీద వంటావార్పు చేస్తున్నవాళ్లు జీపును ఆపారు. సిరిసిల్ల నేతన్నలను చూడటానికి వెళ్తున్న డాక్టరమ్మ అందులో ఉంది. పంక్తిలో కూర్చుని తిన్నవారికే దారి వదలడం అక్కడి కట్టుబాటు. అందువల్ల కోరుట్ల నుంచి ఆమె వంతు కూడా తింటూ వచ్చిన డ్రైవరు పొట్ట పట్టుకుని దిగాడు.

"అన్నా, కోరుట్లల తిన్న, కథలాపూర్ల తిన్న. ఇగ నాతోని గాదే."

"గాళ్ల తెలంగాణ తిన్నవు, మా తెలంగాణ చేదయిందా? కూసో. ఇంతకు గామె దేని డాక్టర్?"

"మనసు బాగలేనోళ్లతోని మాట్లాడే డాక్టర్. మగ్గాల సాంచాలు బందయి నిద్రవట్టనోళ్లు ఆడ ఎదురుచూస్తున్నరు."

వడ్డిస్తున్నతను గరిటె పక్కన పెట్టి డ్రైవరు దగ్గరికి వంగాడు.

"మా తమ్ముడు ఎన్నొద్దులాయెనో, ఎవ్వలితోని మాట్లాడుతలేడు. సూపిస్తే ఊరోళ్లు పిచ్చోడంటరని భయం."

"తెచ్చి జీపుల కూసోవెట్టు. బండి ఎందుకు ఆగిందని అడిగితే, డ్రైవర్ తింటుండని చెప్పు."

"మరి నీకు ఎంత వెయ్యాలె?"

డ్రైవరు బెల్టు వదులు చేసుకుని విస్తరి ముందు కూలబడ్డాడు.

"మీ తమ్ముని మాటలు ఒడిసి జీపు దిగేదాక వేస్తనే ఉండు."