పదోనాటి కాకి

ఇంకా ఏం కావాలే హౌసా నీకు? పిండం పెట్టి ఎంతసేపైంది? ఆ కాకి చూడు, గోడెక్కి కూర్చుంది గానీ దిగదు. కృష్ణ ఒడ్డున ఊరు ఊరంతా ఎండలో నిలబడి నా మొహమే చూస్తోంది. బతికినన్నాళ్ళూ నోరెత్తని దానివి, పదోనాడు నలుగురిలో ఈ మొండితనమేమిటి?

మన పిల్లలు మాటలిచ్చారు కదా. నాన్నని కనిపెట్టుకుని ఉంటానన్నాడు నివృత్తి. తమ్ముడితో వాటాల తగువు పెట్టుకోనంది శాలన్. అయినా కాకి కదల్లేదు. చచ్చినవాళ్ళ కోరిక ఏదో మిగిలిపోతే కాకి ముట్టదంటారు. సరే, ఏం మిగిలిందే?

"దగడూ సంగతేమో" అని వెనక ఎవరో గొణిగారు. వినపడాలనే గొణిగారులే.

నీ తమ్ముడు దగడూ వచ్చాడు. ఆ చివరి మెట్టు మీద, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా ఒదిగి నిలబడ్డాడు. వాడి కూతురి పెళ్ళిలో ఏం చేశాడో మరిచిపోయానా? మర్యాదకి కట్టే తలపాగా నాకంటే ముందు చక్కెర ఫ్యాక్టరీ గుమాస్తాకి కట్టాడు. ఈ చుట్టుపక్కల బెల్లం పాకం చూడ్డంలో నన్ను మించినవాడు లేడే, నాకంటే ముందు గుమాస్తాకా! ఆ రోజే చెప్పాను, వాడు మన గడప తొక్కడు, నువ్వు వాడి గడప తొక్కవు అని. నువ్వు కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళి పొయ్యి రాజేశావు. ఒప్పుకున్నావనుకున్నాను.

అయినా ఇవాళ దిగొచ్చాను. "దగడూ మా ఇంటికి రావచ్చు. క్షమాపణ కూడా అక్కర్లేదు" అని గట్టిగానే అన్నాను. వాడు తలొంచుకుని ఏడ్చాడు. కాకి రెక్కలు దులుపుకుని ఇంకో రెండు బారలు దూరం జరిగింది.

"వదినకి ఇంకా కోపం తీరలేదు అన్నా" అన్నాడు మన పక్కింటి పాండురంగ. వాడికి చావింట్లోనూ పరాచికాలే.

విస్తట్లో బెల్లం పూర్ణంతో చేసిన పూరణ్ పోళీ నేనే పెట్టించాను. హౌసాకి పూరణ్ పోళీ అంటే ప్రాణం, నెయ్యి దండిగా వెయ్యండి అని. శాలన్ చెవి దగ్గరికి వచ్చి, "నాన్నా, అమ్మ తీపి ముట్టదు. బెల్లం వాసనకే కడుపులో తిప్పేది. నువ్వు తింటావని చేసేది" అంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పింది నాన్నా. నువ్వు నవ్వి ఇంకో పోళీ వేయించుకున్నావు."

నురగ రంగు చూసి, పెనంలో పాకం ఎప్పుడు దించాలో చెప్తాను. చీకట్లోనైనా బుడగ చప్పుడు విని చెప్తాను. ఇదెలా తెలియకుండా పోయిందే నాకు?

మళ్ళీ ఏదో మాటివ్వబోయాను. శాలన్ నా చెయ్యి పట్టుకుంది. "చెప్పడం ఆపు నాన్నా. ఒక్కసారి అమ్మని అడుగు."

అడగడమా. సరే అని అడిగాను. నీకేం కావాలే అన్నాను. బెల్లం పొయ్యి దగ్గర కూలివాణ్ణి కసిరినట్టు వచ్చింది. అక్కడున్న ఆడవాళ్ళు నేల చూపులు చూశారు. గొంతు తగ్గించి మళ్ళీ అడిగాను. "హౌసా, నీకేం కావాలి?"

అడిగి ఊరుకున్నాను. అది ఎంత కష్టమో నీకు తెలియదు. ఎప్పుడు ఏది అడిగినా నువ్వు నోరు తెరిచేలోగా జవాబు నేనే చెప్పేసేవాణ్ణి. ఇవాళ పెదవి బిగపట్టి నిలబడ్డాను. కాకి తల వంచి నా వంక చూసింది. చూసి, ఏటి మీదుగా అవతలి ఒడ్డుకి ఎగిరిపోయింది.

కర్మ చేయించే గురూజీ చెంబు పక్కన పెట్టి దర్భలు మెలేశాడు. ముక్కూ తోకా పెట్టి కాకిని చేసి నా చేతికిచ్చాడు. "పొద్దు మీరింది. దీని ముక్కు పిండానికి తాకించండి, శాస్త్రం ఒప్పుకుంటుంది" అన్నాడు. జనం అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నారు.

తాకించాను. గడ్డి ముక్కు నేనే వంచి నీ మెతుకుల్లో పెట్టాను.

"అక్క వెళ్ళిందా బావా, తృప్తిగా వెళ్ళిందా?" అని దగడూ దగ్గరికొచ్చి అడిగాడు.

"వెళ్ళింది" అన్నాను. ఇంకేమంటాను, అంతమందిలో?

నాకు తెలియదే హౌసా. నీకేం కావాలో నాకు తెలియదు.