ఇష్టముంటేనే రాసే పరీక్ష

శుక్రవారం సాయంత్రం దోహాలోని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో ఒక విల్లా వరండాలో రెండు కుటుంబాలూ చాయ్‌కి కూర్చున్నాయి. రత్నకుమార్ కూతురు షెరిన్‌కి పన్నెండో తరగతి అయిపోవస్తోంది. తను చేరాలనుకున్న దోహా కాలేజీకి అసలు పరీక్ష ఎలాగూ రాయాలి. దానికి తోడు కెమిస్ట్రీ పరీక్ష ఒకటి, ఇష్టముంటే రాయొచ్చు, లేకుంటే లేదు. బాగా రాస్తే సీటుకి బలం. మార్కులు తగ్గితే ఉన్నదీ పోతుందని రత్నకుమార్ భయం. పేరు ఇవ్వడానికి ఆ రోజే ఆఖరు.

పక్క వాటాలో ఉండే ఏసీ మెకానిక్ గౌస్ మొహియుద్దీన్ కప్పు కింద పెట్టాడు.

"గింతదానికి పరేషానెందుకు బేటా? నేను రాయలేదా? నిజామాబాద్‌ల డిగ్రీ అయినంక, పీజీ సీటుకు గిట్లనే లెక్కల పరీక్ష, రాస్తే రాయి లేకుంటే లే అన్నరు. రాస్త అన్న. మంచిగనే రాసిన. జర జల్దీ రాస్త నేను, అంతే. ఎండకాలం, కరెంటు లేదు, నా పెన్ను ఉరుకుతుంటే ఆ గాలికి ఎనక బెంచోళ్లకు చెమటలారినయ్. ఆ ఎనకాల కూసున్నోడు స్వెట్టర్ అడిగిండు."

"మే నెల్లోనా?" అన్నాడు రత్నకుమార్.

"మే నెలల్నే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాయితాలు ఒడిసినయ్. పక్కన పెండ్లి పత్రికలు అచ్చేసే దుకాణం ఉంటే ఆడికెళ్లి తెచ్చిండ్రు, అవిటి ఎనక దిక్కు రాసిన. అవి గూడ అయిపోతే సార్ దండం వెట్టి, ఇగ గోడ మీద రాసుకో నాయనా అని సుద్దముక్క చేతుల వెట్టిండు. గోడ ఎంతసేపు? కిటికీలకెళ్లి దుంకి రోడ్డు మీద వడ్డ. లెక్క తెగుతలేదు, నేను ఇడుస్తలేను. కామారెడ్డి దాంక పోయింది."

"లెక్కా అంకుల్?" షెరిన్ నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"లెక్కనే. బస్సు కండక్టర్లు ఏమనెటోళ్లు ఎరుకేనా? ఈక్వల్‌టు కాడ దిగేటోళ్లు ముందుకు రాండ్రి అని. ఆడ స్టాపు వడ్డది. దిద్దే సారు నా ఎనక స్కూటర్ మీద వచ్చి వచ్చి, పెట్రోల్ అయిపోయి, నడిమిట్ల ఇల్లు కిరాయికి తీసుకున్నడు. బిడ్డ పెండ్లి గూడ ఆ ఇంట్లనే జేసిండు. ఆఖరికి మార్కులెయ్యనీకి నూరు సాలక, పక్క కాలేజీకెళ్లి మార్కులు బదులు దెచ్చి..."

గౌస్ భార్య సుర్రయ్యా మిర్చిబజ్జీల పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టింది.

"ఆ పరీక్ష నాడు మీరు పొద్దుగాలకెళ్లి మాపటి దాంక మా ఇంట్లనే ఉంటిరి గదా," అంది నెమ్మదిగా. "నన్ను చూస్తందుకు వచ్చి. పిల్లగానికి పరీక్ష ఉందంట, పోనియ్యిండ్రని మా అబ్బాజాన్ అంటే, మీరు ఇంకో కప్పు చాయ్ అడిగితిరి."

రత్నకుమార్ నవ్విన నవ్వుకి చాయ్ చొక్కా మీద ఒలికింది. గౌస్ చాయ్ కప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇష్టముంటేనే రాయమన్నరు గద," అన్నాడు గొంతు తగ్గించి. "నా ఇష్టం ఆ దినం వాళ్లింట్ల ఉండె."

సుర్రయ్యా దుపట్టా మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. షెరిన్ నవ్వీ నవ్వీ, కళ్లు తుడుచుకుని తండ్రి వైపు తిరిగింది.

"నాకు కెమిస్ట్రీ అంటే ఇష్టమే నాన్నా. మార్కులు తగ్గితే తగ్గనీ. రాస్తాను."

రత్నకుమార్ కూతురి మొహంలోకి చూసి సరేనన్నాడు. ఆమె ఫోన్ తీసి అక్కడే పేరు ఇచ్చేసింది.

"చూసినవా, నేను జెప్తే గని..." అని గౌస్ మళ్లీ మొదలుపెట్టబోయాడు. రత్నకుమార్ అన్నింటికన్నా పెద్ద బజ్జీ ఏరి ఆయన నోట్లో పెట్టాడు.