మిట్ట వీధి చివరి కుళాయి

అందరికీ దండం. ముందు ఒక్క మాట. ఈ కుర్చీ నాకెవరు వేశారు? దీనికో కాలు పొట్టి. పెద్దపెద్దోళ్లు మా బావ గొప్పతనం చెబుతుంటే, కళ్లు తుడుచుకుందామని కదిలినప్పుడల్లా పక్కకి ఒరుగుతోంది. నేను దుఃఖం ఆపుకోలేక మీద పడుతున్నాననుకుని పక్కనున్న మీటర్ రీడరు ఇందాకటి నుంచి నా వీపు నిమురుతున్నాడు. దుఃఖం ఉందిలే నాయనా, కానీ అందులో సగం కుర్చీదే.

సరే. నీళ్ల ఆఫీసు వాళ్లొచ్చారు, మిట్ట వీధి వాళ్లొచ్చారు, మా బావని ఒక్కసారైనా తిట్టినవాళ్లంతా వచ్చారు. అంటే ఊరంతా వచ్చినట్టే. మా అక్క మొగుడు పోయాడు. మీ నీళ్ల ఆఫీసరు పోయాడు. నేను ఎంత ఆటపట్టించినా అలగని ఒకే ఒక్క మనిషి పోయాడు.

ఒకటి అడుగుతా చెప్పండి. బిల్లు పెంచమని అడిగిన మనిషి పోతే, ఆ బిల్లు కట్టేవాళ్లే వచ్చి కన్నీళ్లు పెట్టుకోవడం ఎక్కడైనా చూశారా? నేను చూస్తున్నా. ఇదిగో, ఇక్కడే. ఏడవాల్సిన చోట నా ఛాతీ ఇంత పొంగుతోంది, ఏం చెయ్యను?

కొత్తవాళ్లకి తెలీదు. నీళ్ల బిల్లు పెంచడం ఆఫీసు వాళ్ల ఇష్టం కాదు. ప్రభుత్వం పెట్టిన కమిషన్ ముందుకెళ్లాలి. జనం మధ్యలో నిలబడి ఎందుకు పెంచాలో చెప్పాలి. జనం ఏం అడిగినా జవాబివ్వాలి. ఆ ఏడాది ఆ పని మా బావ నెత్తిన పడింది. మిగతా ఆఫీసర్లందరికీ సరిగ్గా ఆ రోజే ఒంట్లో బాగోలేదు మరి. ముందు వరుసలో ఉన్న రిటైరైన అయ్యగార్లూ, తలలు దించుకోకండి. ఇప్పుడు ఆరోగ్యాలు బాగానే ఉన్నట్టున్నాయి, సంతోషం.

మా బావకో అలవాటుండేది. బయట ఏం మాట్లాడాలన్నా ముందు ఇంట్లో మాట్లాడి చూసుకునేవాడు. ఆసారీ ఒక రాత్రి భోజనాల బల్ల ముందు నిలబడ్డాడు. పైన కోటు, కింద పైజామా. మా అక్క కమిషన్ చైర్మను, చేతిలో గరిటె. నేను జనం. ఐదో తరగతి తప్పినవాణ్ణి, మీ వేషం వెయ్యడానికి అంతకంటే చదువెందుకు?

బావ మొదలుపెట్టాడు. పైపులు తుప్పుపట్టాయి, సగం నీళ్లు భూమే తాగేస్తోంది, మోటార్లు అరిగిపోయాయి, కొత్త ఆఫీసు భవనం కట్టాలి... నాకు కునుకు పట్టింది. అక్క గరిటెతో బల్ల మీద ఒక్కటి కొట్టి అడిగింది: 'మిట్ట వీధికి నీళ్లే ఎక్కవు కదండీ. రాని నీళ్లకి వాళ్లనీ ఎక్కువ కట్టమంటారా?'

బావ కోటు విప్పి, కాగితాలు ముందేసుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఆయన వాటా నేనే తినాల్సొచ్చింది.

తెల్లారేసరికి మొత్తం మార్చేశాడు. కొత్త భవనం ఖర్చు లెక్కలోంచి కొట్టేశాడు. మిట్ట వీధి పైపు అన్నిటికంటే ముందు పెట్టాడు. అక్కడికి నీళ్లెక్కేదాకా ఆ వీధికి పాత బిల్లే అన్నాడు. పైవాళ్లు గుర్రుమన్నారు. అందుకే ఇవాళ్టికీ మనం ఈ పాత ఆఫీసు హాల్లో, కుంటి కుర్చీల్లో కూర్చున్నాం. ఎవర్ని తిట్టుకోవాలో తెలిసిందా ఇప్పుడు?

ఇక ఆ రోజు కమిషన్ ముందు! ఒకటే కేకలు. ఖాళీ బిందెలు పట్టుకొచ్చి వాయించారు. నేనెటు కూర్చున్నానో తెలుసా? కేకలేసే వైపే. బావ బావే, నా బిల్లు నా బిల్లే. చైర్మన్ గారు అడిగారు: 'పెంచకపోతే ఏమవుతుంది?' ఎవరైనా ఏమంటారు? సంస్థ మునిగిపోతుందంటారు. మా బావ ఏమన్నాడు? 'నాకేం కాదండీ, నా జీతం నాకొస్తుంది. మిట్ట వీధి వాళ్లు మాత్రం బిందెలు మోస్తూనే ఉంటారు. మీరు పెంచండి. వానలు మొదలయ్యేలోపు ఆ వీధి చివరి కుళాయిలో నీళ్లు రాకపోతే, నేనే వచ్చి తగ్గించమని అడుగుతా.'

బిందె వాయించే చెయ్యి ఆగిపోయింది. అది నా చెయ్యే లెండి.

కమిషన్ ఒప్పుకుంది. ఆ తర్వాత ఆయన పడ్డ మాటలు ఎన్నని! 'పెంపు గారు' అని పేరు పెట్టారు. మంగలి కూడా వదల్లేదు, 'మీసం కూడా పెంచమంటారా సార్' అన్నాడు. బావ నవ్వేసి, పొద్దున్నే మిట్ట వీధిలో తవ్వుతున్న గుంట దగ్గరికెళ్లి నిలబడేవాడు.

మబ్బులు పట్టాయి. పైపు వేయడం పూర్తయింది. వీధి చివర కుట్టుపని చేసుకునే అమ్మగారి ఇల్లు. వీధంతా చుట్టూ చేరింది. బావ కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు.

ఎవర్నైనా తిట్టాడా? కూలీల మీద నెపం పెట్టాడా? లేదు. గుమ్మం మెట్టు మీద కూర్చుని, 'అమ్మా, మన్నించండి. రేపే కమిషన్ దగ్గరికెళ్తా, పెంచింది తగ్గించమంటా' అన్నాడు. ఎవరి బలవంతమూ లేదు. తన నోటితో తనే అన్నాడు.

అప్పుడు కుళాయి బుస్సుమంది. నీళ్లు ఎగిరొచ్చి ఆయన కోటంతా తడిపేశాయి. పైపులో గాలి పట్టేసిందని తేల్చాడు. అప్పట్నుంచి ఉద్యోగంలో కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు, 'కొత్త పైపులో గాలి ఉంటుంది, ఓపిక పట్టాలి' అని. ఇంజనీరు బాబులూ, మీలో ఎంతమంది శ్రద్ధగా రాసుకున్నారో నాకు తెలుసు.

కొట్టెయ్యండి. గాలీ లేదు, గీలీ లేదు. ఆ అమ్మగారి ఇంటి గోడ వెనక వాల్వు కట్టేసి, చంకలు గుద్దుకుంటూ కూర్చున్నది నేనే. ఆయన మొహం కాసేపు వాడితే చూసి నవ్వుదామని. కానీ 'తగ్గించమంటా' అన్న మాట చెవిన పడ్డాక నవ్వు రాలేదు. గబగబా వాల్వు తిప్పేశా. ఇలాంటివాడికి బావమరిదినయ్యానా అని గోడ వెనకే నిలబడి దండం పెట్టుకున్నా. ఆయనకి మాత్రం చెప్పలేదు. చెబితే వాల్వులు మూసే పనికి నన్నే పెట్టేవాడు.

లేవండి. అందరూ లేచి ఒక్క నిమిషం మా బావ కోసం మౌనంగా నిలబడదాం. అక్కా, నువ్వూ లే. అలా చూడకు. తిట్లు మౌనం అయ్యాక.