రైలు కూత లేని ఒప్పారి

ఆ ఫోన్లో ఏందిరా రూపేషూ, అంత మునిగిపోయినావు? పాత సినిమాను మళ్ళా తీసినారే, అదేనా? నా పేరా? యాడ? కళ్ళజోడు ఇయ్యి. 'పాట: పాకాల వెంకటముని మాస్టారు.' ఊఁ. బలే పెట్టినార్లే. నీకు సంబరంగానే ఉంటాది, తాత పేరు కదా.

పాతదాంట్లో ఎవురి పేరూ ఎయ్యలేదు. హీరో తల్లి పీనుగ ముందర ఒక ముసలామె ఒప్పారి ఎత్తుతాది సూడు, ఆ ఏడుపుపాట గొంతు మన వీధి గురవమ్మక్కది. దీంట్లో ఎవురో పాప తేనె పోసినట్టు పాడతా ఉండాది. ఎనక ఆ వాయిద్యాలేంది, పెండ్లి మాదిరి? గురవమ్మక్క మధ్యలో ముక్కు చీదేది, ఊపిరి తీసుకోని మళ్ళా ఎత్తుకునేది. పాతదాంట్లో ఆ చీదడమూ ఉండాది, రైలు కూతా ఉండాది.

రైలు యాడిదంటావా? సినిమావాళ్ళు రికార్డు మిషన్ తెచ్చినప్పుడు ఆయమ్మ పాడనంటే పాడననింది. 'సావు లేని ఇంట్లో ఒప్పారి ఎత్తగూడదు సారూ, ఎత్తితే సావు యెతుక్కుంటా వస్తాది' అని. నేను వింటినా? బడిలో అయివారుగా కొత్తగా చేరినోణ్ణి, సదువుకున్న పొగరు. 'ఉత్త మూఢనమ్మకాలక్కా, తెర మింద నీ పేరు పడతాది' అన్నా. సరే, ఇంట్లో మాత్రం వద్దనింది. స్టేషను అవతల గూడ్సు షెడ్డు పక్కన కూర్చోబెట్టినాం. ఆమె పాడతా ఉంటే కాట్పాడి బండి కూతేసింది. ఆమెకు రాత రాదు, మాటలు కాయితం మింద ఎక్కించింది నేను. ఆ కాయితం ఇప్పుడు ఈ కొత్త సినిమావాళ్ళకు దొరికినట్టుండాది. కింద నా సంతకం సూసి నా పేరు పెట్టేసినారు.

ఆ యేడే ఆమె కొడుకు ధనంజయ పాము కరిసి పోయినాడు. ఊరు ఊరుకుంటాదా? 'పీనుగ లేకుండా ఏడ్చింది, పీనుగను తెచ్చుకునింది' అని ఎదురింటి చంద్రకాంతమ్మ కొళాయి కాడే అనేసింది. ఆమెను పాడించింది నేనే అని ఒక్క మాట అనుంటే! అనలేదబ్బా. అయివారు కదా, నలుగురిలో మంచోడుగా ఉండాల. కొడుకు పీనుగ ముందర ఆయమ్మ ఒప్పారి ఎత్తనే లేదు. ఆ పైన ఏ సావుకూ ఆమెను పిలిచినోళ్ళు లేరు. ఊర్లో అందరికీ ఏడ్చిన మనిషి, తాను పోయిన నాడు ఒక్క గొంతు లేవలేదు. నేనూ పోయినా. దండేసి వచ్చేసినా.

ఏందీ, తిరపతిలో సన్మానమా? శాలువా కప్పుతారా? నాకా?

ఏయ్, ఆ పాటనెందుకు నొక్కినావు? ఆపురా. ఎవురు పాడినా ఒప్పారి ఒప్పారే. ఇంట్లో వద్దు. మీ నాయన ఇంకా బండి మింద దావలో ఉండాడు.