దూది పట్టీ

దర్జీ ఆవిడ నడుముకు కట్టుకున్న పట్టీని డాక్టరమ్మ మెల్లగా విప్పింది.

"ఇదెవరు కుట్టారమ్మా?"

"నేనే. గజ్జల్లో గడ్డ పైకి తేలకుండా దూది పెట్టి కుట్టుకున్నా. రెండేళ్ళయింది. వాంతులు మాత్రం నాలుగు రోజుల్నుంచే."

"కుట్టు ముచ్చటగా ఉంది గానీ, అది గడ్డ కాదమ్మా, పేగు. పొట్ట గోడ సందులో దూరి ఇరుక్కుపోయింది. నా సర్వీసులో ఇలా పట్టీ కుట్టుకుని నెట్టుకొచ్చినవాళ్ళలో మీరు రెండోవారు. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"ఇంట్లో నేనూ, కుట్టుమిషనూ అంతేనమ్మా."

"సరే, సంతకం మీరే పెట్టండి. బయట ఎవరికైనా కబురు చెయ్యమంటారా?"

ఆవిడ సంచిలోంచి కొలతల చీటీ తీసింది.

"ఈ నంబరుకి చెయ్యండి. పాప గౌను గురువారానికి అందదని చెప్పండి. పాపం, వాళ్ళు నాకోసం ఎదురుచూస్తుంటారు."