జరిగే గోడ

పాత ఫ్లాట్‌లో కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. తమతో ఉండటానికి ఇంకా ఒప్పుకోని అత్తగారికి, కొత్త కోడలు సంబరం పట్టలేక ఇల్లంతా చూపిస్తోంది.

“హాలు మధ్యలో ఈ చెక్క గోడేంటమ్మా?”

“తోసి చూడండి అత్తయ్యా! తెరిస్తే అందరి హాలు, మూస్తే మీ గది.”

“అబ్బ, వేలితో తోస్తే వెన్నలా జారిందే! ఆ వడ్రంగి చేతికి దండం పెట్టాలి. అయితే నేను అడ్డమనిపించినప్పుడల్లా మూసేస్తారన్నమాట.”

“గడియ ఎక్కడుందో చూడండి.”

“ఇటు లోపలే ఉంది. మీ వైపు పెట్టడం మర్చిపోయాడా?”

“పెడతానన్నాడు. నేనే వద్దన్నాను. మూసినా తెరిచినా మీ ఇష్టమే. మేం తట్టి రావాలి.”

అత్తగారు లోపలే ఉండి గోడ మూసి గడియ వేసుకున్నారు. కోడలు మెల్లగా తట్టింది.

“ఎవరదీ?”

“నేనే, అత్తయ్యా.”

“రా. మీ ఆయనకి ఫోన్ చేసి, నా కుట్టుమిషన్ ఇక్కడికి తెచ్చెయ్యమను.”