ఆగిపోయిన స్క్రీను

రాజాంలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసు మేడమీద, అందరూ భోజనాలకి దిగిన వేళ, పనిలో చేరి మూడు రోజులైన ఒకామె బొబ్బిలిలో కంప్యూటర్ల పని చేసే బావకి ఫోన్ చేసింది.

"బావా, స్క్రీను బిగుసుకుపోనాది. ఏటి కొట్టినా అక్షరం రావట్లేదు. హైదరాబాదులో సర్వరు పోనాదేటి?"

"సర్వరు బానే ఉంటాది. ఆగిపోకముందు ఏటి నొక్కావు?"

"కంట్రోల్ ఎస్. కరెంటు పోతాదని రెండు లైన్లకోసారి సేవ్ నొక్కడం నాకలవాటు కదా."

"అదీ సంగతి. ఆర్డర్లు టైపు కొట్టే ఆ నల్ల స్క్రీను మీద కంట్రోల్ ఎస్ నొక్కితే సేవ్ అవదే, ఆగిపోతాది. కంట్రోల్ క్యూ నొక్కు, కదుల్తాది."

"ఆగున్నప్పుడు కొట్టినవి ఏటవుతాయి బావా?"

"లోపల వరసలో ఉంటాయి. క్యూ నొక్కగానే అన్నీ నడుస్తాయి. ఇంతకీ ఏటి కొట్టావు?"

"పాడైపోనాదనుకుని, మళ్ళీ మొదట్నుంచి ఎక్కిద్దామని... మూడొందల రైతుల పేర్లున్న ఫైలు డిలీట్ కొట్టాను."

"క్యూ నొక్కకు. ఆ విండో మూసీ. డిలీట్ దాంతోటే పోతాది, పేర్లు ఉండిపోతాయి."

"మూస్తే మళ్ళీ తెరవడానికి పాస్‌వర్డు సారే కొట్టాల. టెన్త్ తప్పినదాన్ని పెట్టుకున్నానని నిన్ననే అందరిముందూ అన్నాడు. ఈసారి ఇంటికి పొమ్మంటాడు."

"ఆయన తిడతాడని అంతమంది పేర్లు పోగొడతావా?"

"నువ్వయితే తిట్లు తిని ఇంకోచోట సేరిపోతావు బావా. నాకెవరు పనిస్తారు?"

"సూడు, నేను సెప్పాల్సింది సెప్పాను."

"మూసీసేను. ఫోను మాత్రం పెట్టీకు బావా, సారు మెట్లెక్కుతన్నాడు."